రత్నకుమారి స్కూటరెక్కలేదు

పోయిన వారం మనం రత్నకుమారిని రూతమ్మగారి ముందుగదిలో, చాప మీద మోకాళ్ళూనిన మనిషిని అలాగే వదిలేసి వచ్చాం. కళ్ళు మూసుకునే ఉంది. "ఆమేన్" అన్న మాట అప్పుడే నోరు దాటింది. గదినిండా ఉన్నవాళ్ళ ఆమేన్‌లో ఆమెదీ కలిసిపోయింది. కళ్ళు తెరిచాక గానీ తను దేనికి ఆమేన్ అందో ఆ ఇల్లాలికి బోధపడలేదు.

జరిగింది ఇదీ. రాయపూర్ స్టేషను వెనక, ఊళ్ళోవాళ్ళు మద్రాసీ లైను అని పిలిచే రైల్వే క్వార్టర్లలో గోదావరి జిల్లాల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు కొన్ని ఉన్నాయి. భస్మ బుధవారంతో శ్రమల కాలం మొదలైందంటే, ఈస్టరు దాకా ఆదివారం మధ్యాహ్నాలు ఒక్కో వారం ఒక్కో ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు. కాటేజీ ప్రార్థన అంటారు దాన్ని. ఎవరింట్లో జ్వరమో, ఎవరి ప్రమోషను ఆగిందో ముందుగా సంఘ పెద్ద అబ్రహాం గారి చెవిన వేస్తే, ఆయన పేరుపేరునా దేవుడికి విన్నవిస్తారు. రత్నకుమారి భర్త సుందరరావు కూడా ఒక మాట వేశాడు. వేస్తూ, "మనసులో పెట్టుకుని ప్రార్థన చెయ్యండి, బయటికొద్దు" అన్నాడు. అబ్రహాం గారికి అరవై దాటినా మనసులో ప్రార్థన చెయ్యడం రాలేదు. ఆయన దృష్టిలో గొంతెత్తనిది ప్రార్థనే కాదు. అందుకే, "టాటీబంధ్‌లో సుందరరావు కుటుంబానికి నీవు దయచేసిన గృహం కొరకు స్తోత్రం ప్రభువా! ఈ నెలాఖరుకు అందులో కాలు పెట్టబోతున్న నీ బిడ్డలను దీవించు" అని ఎలుగెత్తి పలికారు. కట్టుకున్నవాడు చెప్పని ఇంటి కబురు రత్నకుమారి అలా విన్నది.

నోట్లో నువ్వుగింజ నానని పెద్దమనిషికి రహస్యం చెప్పినవాణ్ణి ఏమనాలో మీరే అనుకోండి. రత్నకుమారి మాత్రం ఆ గదిలో ఏమీ అనలేదు. అనేందుకు ఆడవాళ్ళు సందిస్తేగా! టీ గ్లాసులు చేతుల్లోకి రాకముందే చుట్టూ మూగారు.

"మాటమాత్రం చెప్పలేదేంటి రత్నం! గేటున్న ఇల్లంటగా?"

"మేమంతా మీ ఇంటికి రావాలంటే ఇంక బస్సెక్కాలి కాబోలు!"

రత్నకుమారి నవ్వింది. ఆ నవ్వు నవ్వడానికి దవడలు నొప్పి పుట్టాయి. నిజంగా చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెకు చేతిలోని వేడి టీ తీసుకెళ్ళి మొగుడి చొక్కా మీద పొయ్యాలనిపించింది. పొయ్యలేదు. గ్లాసు కిటికీలో పెట్టి అబ్రహాం గారి దగ్గరికి వెళ్ళింది.

"మీకెప్పుడు చెప్పేరండీ ఈ సంగతి?"

"భస్మ బుధవారం నాడేనమ్మా. గుడి మెట్ల మీద చెప్పేడు. స్తోత్రం, మంచి కార్యం!" అన్నారాయన సంతోషంగా. ఆమె ముఖం చూశాక ఆ సంతోషం సగంలో ఆగిపోయింది. "నీకు... తెలీదా అమ్మా?"

అంతలో సుందరరావు గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటున్నాడు. తేలు కుట్టిన దొంగకు చెప్పులు ఎప్పుడూ దొరకవు. రత్నకుమారి రూతమ్మగారి వైపు తిరిగి, "పిల్ల మీ దగ్గరే ఉంటదండి, తర్వాత తీసుకెళ్తాను" అంది. ఎనిమిదేళ్ళ ఎస్తేరు అప్పటికే పెరట్లో ఆటలో పడిపోయింది. రూతమ్మగారు వెళ్ళు, వెళ్ళి కడిగెయ్ అన్నట్టు తలూపింది.

బయట సుందరరావు లాంబ్రెట్టా స్టార్టు చేసి సీటు తుడిచాడు. రత్నకుమారి దాని పక్కనుంచి నడుచుకుంటూ పోయింది.

"రత్నం, ఎక్కు."

ఆమె ఆగలేదు. అతను ఇంజను ఆపి, బండిని తోసుకుంటూ వెనకాల పడ్డాడు. మార్చి ఎండ ఇంకా వాలలేదు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన జుట్టు, గూడ్స్ ఆఫీసులో పెద్ద క్లర్కు, పెళ్ళాం వెనక స్కూటరు తోసుకుంటూ పోవడం మద్రాసీ లైనుకు మంచి వినోదమే అయింది. కిటికీ తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఏ ఇంటికండీ? మనకిప్పుడు రెండున్నాయిగా!"

లైను చివరున్న తమ ఇల్లు కూడా దాటి రోడ్డెక్కారు. డెబ్బై రెండు నాటి రాయపూర్ మరీ చిన్న ఊరేం కాదు, కానీ కాలినడకన తిరగగల ఊరు. స్టేషను గంట మోగితే గుడిదాకా వినపడేది. ఆసుపత్రి, బడి, కూరల బజారు, గుడి, అన్నీ ఒక గొడుగు పట్టుకుని వెళ్ళి రాగల దూరం. చెరువు గట్టు మీంచి పోతే చల్లగాలి, గోల్‌బజార్ మీంచి పోతే మిరపకాయల ఘాటు. రత్నకుమారి ఆ ఊరికి కొత్త పెళ్ళికూతురిగా వచ్చినప్పుడు హిందీలో నీళ్ళడగడం కూడా రాదు. కాన్పుల వార్డులో నర్సు ఉద్యోగం దొరికాక, తెల్లచీర కట్టుకుని డ్యూటీకి నడిచి వెళ్ళిన దారుల్లోనే ఆమె హిందీ నేర్చుకుంది, ఛత్తీస్‌గఢీ నేర్చుకుంది, మనుషుల్ని సంపాదించుకుంది. కాళ్ళకు బలపం కట్టుకు తిరుగుతుందని అత్తగారు దెప్పేది. దెప్పితే దెప్పింది, ఆ కాళ్ళే ఆమెకు ఊరినిచ్చాయి.

"నమస్తే సిస్టర్ జీ!" అన్నాడు పాన్ డబ్బా ముసలాయన. "నమస్తే చాచా, మోకాలెలా ఉంది?" అని హిందీలో అడిగి, వెంటనే ఇటు తిరిగి తెలుగులో, "ఎన్నాళ్ళయింది ఆ ఇల్లు తీసుకుని?" అంది.

"నెలయింది. నువ్వు వద్దంటావనే చెప్పలేదు."

"నేను వద్దంటానని తెలుసు కదా, మరెందుకు తీసుకున్నారు?"

సుందరరావు కొంత దూరం బండి తోశాడు. ఇస్త్రీ కొట్టు దగ్గర ఒక తల్లి చంటిపిల్లను ఎత్తి చూపించి, "చూడు సిస్టర్ బాయి, పళ్ళొచ్చేశాయి!" అంది వాళ్ళ భాషలో. రత్నకుమారి ఆ పిల్ల బుగ్గ ముట్టుకుని ముందుకు సాగింది. ఆ పిల్లను తొలిసారి పట్టుకున్న చేతులు ఆమెవే.

"ఇదే!" అన్నాడు సుందరరావు ఒక్కసారిగా. "ఇదే నాకు పడనిది. పది అడుగులకొకడు పలకరిస్తాడు. మనింట్లో నేను దగ్గితే పక్కింటివాడు మందు చెప్తాడు. ఆదివారం నాడు కూరేంటో లైనంతా తెలుసు. నేను పుట్టింది మిషన్ కాంపౌండులో, దొరగారి వంటింటి వెనకాల. మా నాన్న ఎవరొస్తే వాళ్ళకి గేటు తీసేవాడు. నా గేటు నేను బంద్ చేసుకుని పడుకునే రోజు ఒకటి రావాలనుకున్నాను రత్నం. అది తప్పా?"

ఈ ఒక్క మాట నిజం. రత్నకుమారికీ తెలుసు. పదేళ్ళ కాపరంలో అతని నోటివెంట మామగారి గేటు ఊసు రావడం ఇది రెండోసారి. కోపం కొంచెం సడలింది. ఇంకో నిమిషం అతను నోరు మూసుకుని ఉంటే ఈ కథ వేరేగా నడిచేదేమో! కానీ మగవాడికి గెలుస్తున్నాననిపిస్తే ఆగడం చేతకాదు.

"అయినా నువ్విలా ఎండనపడి నడుస్తుంటే నాకు తలవంపులుగా ఉంది. మా ఆఫీసులో ఎవరి భార్యా ఇలా ఊరంతా చక్కర్లు కొట్టదు. అక్కడైతే బయటికెళ్ళే పనే ఉండదు. కావల్సినవన్నీ నేనే స్కూటరు మీద తెస్తాను. ఆదివారం గుడికి నేనే తీసుకొస్తాను."

"మరి నా డ్యూటీకి?"

సుందరరావు హ్యాండిల్ మీది దుమ్ము వేలితో తుడిచాడు.

"ఆసుపత్రిలో మేట్రనమ్మతో మాట్లాడేను. నెలాఖరుకి నువ్వు మానేస్తున్నావని చెప్పేను. ఆవిడ కష్టపెట్టుకోకుండా నీ స్థానంలో బిలాస్‌పూర్ పిల్లనెవరినో పిలిపించుకుంటానంది."

రత్నకుమారి నడిరోడ్డు మీద ఆగిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆమెకు ఆ సాయంత్రం తెలిసింది. రెండు రోజులుగా మేట్రన్ తనను చూసి జాలిగా నవ్వుతోంది. వార్డులో ఆయా, "మమ్మల్ని మర్చిపోవద్దు బాయి" అంది. అదేదో పిచ్చిమాట అనుకుంది తను. అందరికీ తెలుసు. సంఘ పెద్దకు తెలుసు, మేట్రన్‌కు తెలుసు, ఊడ్చే మనిషికి తెలుసు. తెలియనిది తనకొక్కదానికే.

"నా ఉద్యోగం మానెయ్యడానికి మీరెవరు?" అని అరిచింది.

నిజంగానే అరిచింది. ప్రసవ నొప్పుల్లో ఉన్నవాళ్ళను కూడా పల్లెత్తు మాట అనని సిస్టరమ్మ నడిబజారులో అరిచేసరికి దర్జీ మిషను ఆగిపోయింది. పాలసైకిలు మీద పోతున్నవాడు కాలు కింద పెట్టాడు.

"నెమ్మది, నెమ్మది. అందరూ వింటున్నారు."

"విననివ్వండి! నాకు తప్ప అందరికీ మీరే చెప్పుకొచ్చేరు కదా, ఇది కూడా విననివ్వండి! నేను పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. మా నాన్న పొలం పనికెళ్ళి చదివించిన చదువు. నన్నొక మాట అడక్కుండా తీసుకెళ్ళి మేట్రనమ్మ చేతిలో పెట్టేసి వచ్చేరా?"

"ఖామోఖా గొడవ చెయ్యకు. ఇందాక ప్రార్థనలో నువ్వూ ఆమేన్ అన్నావు. సంఘమంతా విన్నాది."

పాఠకులారా, మనిషన్నవాడు అనకూడని మాటలు కొన్నుంటాయి. అందులో ఇదొకటి.

"నేను ఆమేన్ అన్నది అబ్రహాం గారి ప్రార్థనకి. మీ దొంగతనానికి కాదు" అంది రత్నకుమారి. ఈసారి అరవలేదు. అరుపు కన్నా ఆ గొంతే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

తేలఘానీ నాకా కూడలి దగ్గరికొచ్చారు. ఇంటికి చుట్టు తిరిగి పోవాలంటే కుడివైపు మళ్ళాలి. రత్నకుమారి మళ్ళలేదు. ఎడమచేతి రోడ్డు చూపించి, "టాటీబంధ్ ఇటేగా?" అంది.

"ఇప్పుడెందుకు? రేపు నేనే తీసుకెళ్తా. శుభ్రం చేయించి చూపిద్దామనుకున్నా."

"నేను బతకాల్సిన ఇల్లు ఎంత దూరమో నడిచి చూస్తాను."

"నాలుగైదు మైళ్ళుంటుంది! పిచ్చెక్కిందా?"

ఎక్కింది. ఎక్కకపోతే ఆశ్చర్యపోవాలి. ఆమె చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి బొడ్లో దోపుకుని నడక సాగించింది. ఆమాపారా దాకా దారి బాగానే ఉంది. చెట్ల నీడ, అరుగుల మీద ముసలివాళ్ళు, పకోడీల నూనె వాసన, "కహాఁ జాథస్ బాయి?" అని ఎక్కడికెళ్తున్నావో అడిగే గొంతులు. "కొత్తిల్లు చూడ్డానికి" అని ఆమె అందరికీ చెప్పింది. చెప్పినప్పుడల్లా పక్కన బండి తోస్తున్న సుందరరావు ముఖం ముడుచుకుపోయింది.

తర్వాత ఇళ్ళు పలచబడ్డాయి. అరుగులు పోయి ప్రహరీలు వచ్చాయి. ఆ తర్వాత ప్రహరీలూ పోయి పెద్దరోడ్డు ఒక్కటే మిగిలింది. భిలాయి ఫ్యాక్టరీ నుంచి వచ్చే లారీలు ఇనుము మోసుకుని ఒకదాని వెనక ఒకటి దూసుకుపోతున్నాయి. లారీ వచ్చినప్పుడల్లా ఆమె రోడ్డు దిగి ముళ్ళకంపలోకి తప్పుకోవాల్సి వచ్చింది. దుమ్ము కళ్ళలో పడింది. తెల్లచీర అంచు నల్లబడింది. ఒక డ్రైవరు కిటికీలోంచి వెకిలిగా ఏదో కూసి నవ్వాడు. నమస్తే అన్నవాడు ఒక్కడూ లేడు. ఈ రోడ్డు మీద ఎస్తేరు బడికి ఎలా వెళ్తుంది? వెళ్ళదు. స్కూటరు వెనక కూర్చుని నాన్న తీసుకెళ్తే వెళ్తుంది, తీసుకెళ్ళకపోతే లేదు. తనూ అంతే. గుడికైనా, గుప్పెడు కొత్తిమీరకైనా ఆ సీటు తుడిచేదాకా ఎదురు చూడాలి. ఈ ఆలోచన వచ్చినకొద్దీ ఆమె నడక ఇంకా జోరయింది.

"ఎక్కు రత్నం, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు సుందరరావు ఒకచోట. ఆమె నడుస్తూనే ఉంది. ఇంకాస్త దూరం పోయాక అతను ఉన్నట్టుండి కిక్కు కొట్టి, "నేను ముందెళ్ళి తాళం తీసి ఉంచుతా" అని, సమాధానం వినకుండా దూసుకుపోయాడు.

తాళం తీయడానికి అంత తొందరేమిటో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడంతో అనుమానం పుట్టింది. అనుమానంతో కాళ్ళనొప్పి కూడా తెలియలేదు.

టాటీబంధ్ చేరేసరికి పొద్దు వాలిపోతోంది. రోడ్డుకు రెండు పక్కలా చక్రాలు విప్పి నిలబెట్టిన లారీలు, టైర్లకు పంచరు వేసే పాకలు, నులకమంచాల ఢాబా. ఆ వరసలోనే, రోడ్డుకు ఆనుకుని, కొత్తగా సున్నం కొట్టిన ఇల్లొకటి ఉంది. ఆకుపచ్చ రంగు వేసిన ఇనప గేటు. ఆ గేటు పక్కన సుందరరావు స్కూటరు సీటు మీద నిలబడి, గోడమీదున్న దేనికో గోనెపట్టా కప్పుతున్నాడు. ఒక చివర కప్పితే రెండో చివర జారిపోతోంది. ఆమెను చూసి బండి మీంచి దూకాడు.

"ఏంటండీ అది?"

"ఏం లేదు. ఫాల్తూ బోర్డు. పాతవాళ్ళది."

రత్నకుమారి గోనె చివర పట్టి లాగింది. రంగు ఇంకా వాసన కొడుతోంది. పాతవాళ్ళదేం కాదు. పెద్ద హిందీ అక్షరాల్లో ఉంది: 'జచ్చా ఘర్'. అంటే పురుళ్ళ ఆసుపత్రి. దాని కింద ఇంకా పెద్ద అక్షరాల్లో, 'డాక్టర్ శ్రీమతి రత్నకుమారి'.

ఆమె ఆ పేరు రెండుసార్లు చదివింది.

"ఈ ఇల్లెవరిదండీ?"

"లఖన్‌లాల్‌ది. లారీల యజమాని. గూడ్స్ షెడ్డులో నాకు పరిచయం." సుందరరావు గొంతు తగ్గింది. "ఈ చుట్టుపక్కల పదూళ్ళకి ఆసుపత్రి లేదు రత్నం. మనం కాపరముండి పురుళ్ళు చూసుకుంటే ఇల్లు మనకే రాసిస్తానన్నాడు. నువ్వు అక్కడ చేసేదే ఇక్కడ చేస్తావు. ఒకరి కింద కాదు, సొంతంగా."

"నేను నర్సుని."

"నీకంటే బాగా పురుడు పోసే డాక్టరెవరున్నారు?"

"నేను నర్సునండీ! వార్డులో నా వెనక డాక్టరుంటాడు. ఎక్కించడానికి రక్తముంటుంది, మత్తిచ్చే మనిషుంటాడు. బిడ్డ అడ్డం తిరిగితే పొట్ట కోసి తీసేది నేను కాదు. ఇక్కడ ఏముంది? గేటుంది! మీ గేటు కోసం నన్ను డాక్టర్ని చేసేరా? రేపు ఈ గుమ్మంలో ఒక తల్లి చచ్చిపోతే ఎవరి పేరు మీద చస్తుందండీ? ఆ గోడ మీద రాయించుకున్నారే, ఆ పేరు మీద!"

సుందరరావు ఏదో అనబోయాడు. వెనక ఎడ్ల మువ్వలు వినిపించాయి. ఖారూన్ నది అవతలి పల్లె నుంచి వచ్చిన బండి ఒకటి గేటు ముందు ఆగింది. గడ్డి మీద ఒక చిన్నపిల్ల, పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు, వెల్లకిలా పడుకుని బండి ఊచ పట్టుకుని మూలుగుతోంది. పక్కనున్న ముసలమ్మ కిందికి దిగింది.

"డాక్టరిన్ బాయి ఆ గే కా?" అంది. డాక్టరమ్మ వచ్చేసిందా అని.

రత్నకుమారి మొగుడి వైపు చూసింది. డాక్టరమ్మ వస్తోందని ఈ ఊళ్ళకు ముందే కబురు వెళ్ళిందన్నమాట. అతను నేల చూపులు చూశాడు.

బండి మీదికి ఎక్కకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. పిల్ల పొట్ట మీద చెయ్యి వేసింది. నొప్పి తగ్గినప్పుడు మళ్ళీ వేసింది. పొట్ట నిలువుగా లేదు, పక్కలకు సాగి ఉంది. బిడ్డ తల ఎడమ డొక్కలో, గుండ్రంగా, గట్టిగా అరచేతికి తగిలింది. అడ్డం తిరిగింది.

"ఎప్పుడు మొదలయ్యాయమ్మా నొప్పులు?" అని వాళ్ళ భాషలో అడిగింది.

"కోడి కూసినప్పుడు."

"అమ్మా, నేను డాక్టర్ని కాను. ఈ పిల్లకి ఆపరేషను కావాలి. ఊళ్ళోకి, పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి."

ముసలమ్మకు అర్థం కాలేదు. చదువు రాని ఆ మనిషి గోడ మీది బోర్డును వేలితో చూపించింది. "లిఖే హే నా బాయి" అంది బతిమాలుతూ. రాసి ఉంది కదా తల్లీ అని. పిల్ల ఊచ వదిలేసి రత్నకుమారి మణికట్టు పట్టుకుంది.

తను నడిచి వచ్చిన ఆ దారంతా మళ్ళీ వెనక్కి పోవాలి. ఎడ్ల బండి మీద అయితే చీకటి పడి చాలాసేపయ్యేదాకా పోలేరు. అంతసేపు ఈ పిల్ల ఆగదు. స్కూటరు మీద కూర్చోబెట్టే స్థితి కాదు. ఊళ్ళోకి పోయే లారీని ఆపడం ఒక్కటే దారి.

సుందరరావు గేటు తెరిచి నిలబడ్డాడు. తాళంచెవి ఆమె ముందుకు చాచాడు. "లోపల మంచముంది రత్నం. నీ చెయ్యి మంచిది. ఇలాంటివి నువ్వు చూసే ఉంటావు. ఈ ఒక్కసారికి..."

"ఈ ఇంట్లో నేను కాలు పెట్టను" అంది రత్నకుమారి. "ఈ పిల్లనీ పెట్టనివ్వను."

ముసలమ్మను పిల్ల తల దగ్గర కూర్చోబెట్టింది. పిల్ల వేళ్ళు ఒకటొకటిగా విడదీసి, "ఇప్పుడే వస్తా బిడ్డా" అని బండి దిగింది. కొంగు నడుముకు బిగించి, లారీలు పోతున్న రోడ్డు మీదికి వెళ్ళి సరిగ్గా మధ్యలో నిలబడింది.

భిలాయి వైపు నుంచి ఒక లారీ దీపాలు వేసుకుని వస్తోంది. ఆమె రెండు చేతులూ పైకెత్తింది. లారీ హారను కొట్టింది. ఆపకుండా కొడుతూనే వస్తోంది, వేగం మాత్రం తగ్గలేదు. "రత్నం! తప్పుకో!" అని సుందరరావు గేటు వదిలేసి పరిగెత్తాడు.

రత్నకుమారి పక్కకు జరగలేదు.